వేసవిలో లాగర్ బీరు నిలవ

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా అబ్బాయి ఇంట్లోనే లాగర్ బీరు తయారు చేసుకుంటాడు; సొంత వాడకానికైతే అక్కడి చట్టం అభ్యంతరపెట్టదు. సంక్రాంతికి మా దగ్గరికి వచ్చి ఫిబ్రవరి దాకా ఉంటాడు. అక్కడ అప్పుడు నడివేసవి. తాళం వేసిన ఇంటి కారు షెడ్డులో సీసాలు పాడవుతాయా? ఒకసారి చల్లబరిచిన బీరు మళ్లీ వేడెక్కితే పనికిరాదని అతని మిత్రులు అంటున్నారట, నిజమేనా?
– ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: షెడ్డులో వదిలి రావద్దని చెప్పండి. లాగర్ పుట్టుకే చలిలో: దాని ఈస్ట్‌ను, అంటే పులియబెట్టే సూక్ష్మజీవిని, సాధారణంగా 8 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేయనిస్తారు, ఆ తర్వాత బీరును సున్నాకు కాస్త పైన కొన్ని వారాలు ఉంచితే గాని తేటపడి రుచి కుదురుకోదు. జర్మనీలోని బవేరియాలో 1553లో వేసవి తయారీని నిషేధించి, సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకే అనుమతించారు. వేసవికి కావలసిన బీరును, చలికాలంలో చెరువుల మీద కోసిన మంచుగడ్డలు పేర్చిన నేలమాళిగల్లో దాచుకునేవారు. 1870ల్లో జర్మన్ ఇంజనీరు కార్ల్ ఫాన్ లిండె శీతలీకరణ యంత్రాలు వచ్చాక ఆ కష్టం తీరింది.

ఇది ఆవకాయలా ఊరేకొద్దీ రుచి పెరిగే సరుకు కాదు. సీసా నింపేటప్పుడు లోపల చిక్కుకున్న కొద్దిపాటి ఆక్సిజన్ క్రమంగా బీరును మార్చి, తడిసిన అట్టముక్క వాసన తెస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఆ మార్పు వేగం పుంజుకుంటుంది. 32 డిగ్రీల దగ్గర 3 రోజులు, 22 దగ్గర 30 రోజులు, 3 డిగ్రీల దగ్గర 300 రోజులు నిలవ ఉంచితే రుచి దాదాపు ఒకే మేర తగ్గుతుందని బీరు పరిశ్రమలో ఒక మోటు లెక్క ఉంది. మెల్‌బోర్న్ వేసవిలో కొన్ని పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి. అక్కడ రాత్రి చల్లబడుతుంది, మన విశాఖ మే నెలలో అర్ధరాత్రి కూడా ఉక్క వదలదు. అయినా ఆ పగటి వేడి చాలు. అలాంటి బీరు తాగితే జబ్బు చేస్తుందన్న భయం అక్కరలేదు, పోయేది రుచే.

మిత్రుల మాట సగమే సరైనది. చల్లబడి మళ్లీ గది వేడికి రావడం వల్ల బీరు చెడదు. మొత్తం మీద ఎంత వేడిలో ఎన్నాళ్లు ఉందన్నదే లెక్క. వెలుతురు వేరే సంగతి: ఎండ తగిలితే హాప్స్‌లోని (బీరులో చేదు కోసం వేసే పూలు) చేదు పదార్థాలు విడిపోయి కొద్దిసేపటికే దుర్వాసన పుడుతుంది. దాన్ని చాలావరకు అడ్డుకునేది గోధుమరంగు గాజే.

వీటన్నిటికన్నా ముఖ్యం, షెడ్డులో సీసాలు పేలే ప్రమాదం. ఇంటి బీరులో ఈస్ట్ బతికే ఉంటుంది. పులియడం పూర్తి కాకముందే సీసాలు నింపినా, గ్యాసు కోసం కలిపే చక్కెర ఎక్కువైనా, వేడికి ఈస్ట్ మళ్లీ పనిచేసి ఒత్తిడి పెంచుతుంది. మనుషులు లేని ఇంట్లో ఆ ప్రమాదం ఎందుకు? గ్యాసు పట్టిన సీసాలను 2 నుంచి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టమనండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, మామూలు బీరు సున్నాకు రెండు మూడు డిగ్రీల కింద గడ్డకట్టి సీసాను పగలగొడుతుంది. ఫ్రిజ్‌లో పట్టనివి బయలుదేరే ముందే మిత్రులకు పంచడం మేలు.

మీరు అడగకపోయినా ఒక మాట: ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం, కనుక సెలవుల్లో ఆ ప్రయోగం మధురవాడలో చేయనివ్వకండి.