కొత్త వెంచర్‌లో ఇంటికో ఇంకుడు గుంత ఉంటే సరిపోతుందా?

హైదరాబాద్ శివారులో ప్లాటు కొంటున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఒక్క గుంతతో నీటి టెన్షన్ తీరదు.

లెక్క చూడండి. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. ఏడాదికి సుమారు 800 మి.మీ. అనుకుంటే 80 వేల లీటర్లు. కొంత ఆవిరైపోయినా మిగిలేది తక్కువేం కాదు. అయితే మన వాన ఏడాదంతా సర్దుకుని కురవదు, ఒక్క సాయంత్రం దంచి కొడుతుంది. గుంత నిండాక మిగతా నీళ్లన్నీ రోడ్డెక్కుతాయి. ఒకప్పుడు అందులో చాలా భాగం నేలే తాగేది. ఇప్పుడు సిమెంటు రోడ్లు, పార్కింగ్ టైల్స్ తాగనివ్వవు.

అందుకే లేఅవుట్‌లో వాన నీరు ఎటు పారుతుందో ముందు చూడాలి. గొలుసుకట్టు చెరువులను కలిపే కాలువను పూడ్చి రోడ్డేసినా నీళ్లు పాత దారి మర్చిపోవు! చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే మేర) హద్దు దాటాక కూడా బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ జాగా, వదలాలి: 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. బ్రోచర్‌లో 'లేక్ వ్యూ' అని కనిపిస్తే ముందు ఈ హద్దులు చూపే మ్యాపు అడగండి.

ఇక గుంత సంగతి. పైనున్న ఇసుక మీద ఒండ్రు పేరుకుని పెచ్చు కడుతుంది, చుక్క కూడా కిందికి దిగదు. మే నెలలో ఆ పొర గీకేసి కొత్త ఇసుక పోయించండి. మురుగు నీటిని మాత్రం అందులోకి రానివ్వకండి, బోరు నీళ్లు పాడవుతాయి.