డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వార్డులో పనికి చేరబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. ఉద్యోగం వచ్చిందన్న సంతోషం ఒక లైను, "పిన్నీ, పేషెంట్లు కొడతారటగా" అన్న టెన్షన్ పది లైన్లు. కొడతారు, అప్పుడప్పుడు. ఇంగ్లండులో 11 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, నాకూ పడ్డాయి. ఎందుకు పడ్డాయో చెప్తాను విను.

చేరిన రెండో నెల, నైట్ షిఫ్ట్. ఒక పెద్దాయన సాయంత్రం నుంచి ఒకచోట కూర్చోలేదు. ప్యాంటు లాగుకుంటాడు, తలుపులు తోస్తాడు, దగ్గరికెళ్తే మోచేత్తో పొడుస్తాడు. నేను నోట్స్‌లో "అగ్రెసివ్‌గా ఉన్నారు" అని రాసేసి నా పని అయిపోయిందనుకున్నాను. మందు ఇచ్చారు, తగ్గలేదు. తెల్లవారుజామున ఒక సీనియర్ హెచ్‌సీఏ (నర్సులకి సాయంగా ఉండే హెల్త్‌కేర్ అసిస్టెంట్) వచ్చి, "ఆఖరిసారి యూరిన్‌కి ఎప్పుడు వెళ్ళాడు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బ్లాడర్ స్కాన్ చేస్తే మూత్రం 900 మిల్లీలీటర్లు లోపలే నిలిచిపోయి ఉంది. మూత్రం బయటికి తీసే గొట్టం, కాథెటర్, వేశాక కాసేపటికే నిద్రపోయాడు. రాత్రంతా ప్యాంటు లాగుకుంటూ ఆయన చెప్పింది అదే.

అందుకే "అగ్రెసివ్" అన్న మాట రాసి ఊరుకోకు. కళ్ళతో చూసింది రాయి. ఎన్నింటికి, నువ్వేం చేస్తుంటే చెయ్యెత్తాడు, ఏం చేశాక తగ్గాడు. డాక్టరు రౌండుకొచ్చినప్పుడు చదివేది నువ్వు రాసిందే.

ఇంకొకటి, డిమెన్షియా రాత్రికి రాత్రి ముదరడం మామూలు కాదు. నిన్న నవ్వుతూ టీ తాగినావిడ ఇవాళ మత్తుగా ఉన్నా, గోడమీద పురుగులున్నాయన్నా అది డెలీరియం కావచ్చు, అంటే ఒంట్లో ఇంకేదో తేడా చేసి ఉన్నట్టుండి వచ్చే అయోమయం. ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, నీళ్ళు చాలకపోవడం, కొత్త మందు, ఏదైనా కారణం అవ్వొచ్చు. పల్స్, బీపీ లాంటివాటికి స్కోరు వేసి ఒంట్లో ఎంత బాగాలేదో చూసే న్యూస్ 2 చార్టులో కొత్తగా వచ్చిన అయోమయానికి ఒక్కదానికే 3 స్కోరు వేస్తారు. స్టాఫ్ నర్సు మందుల ట్రాలీతో తిరుగుతూ ఉంటుంది, రోజంతా పక్కన ఉండేది నువ్వు. "ఈవిడ ఇవాళ మామూలుగా లేదు" అని చెప్పడానికి మొహమాటపడకు. బ్రిస్టల్ చార్టు అని ఒకటి ఉంటుంది, మలం 7 రకాలు బొమ్మలతో సహా. మొదట్లో చూసి నవ్వుకున్నాను. ఇప్పుడు షిఫ్ట్ ఎక్కగానే చూసేది దాన్నే. నీళ్ళలా పోతోంది కదా అని మలబద్ధకం లేదనుకోకు. గట్టిపడ్డదాని పక్కనుంచి నీళ్ళలా జారుతుంది.

దెబ్బలు ఎక్కువగా పడేది ఒళ్ళు తుడిచేటప్పుడు, ప్యాడ్ మార్చేటప్పుడు. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి నీ బట్టలు విప్పితే నువ్వు ఊరుకుంటావా? వెనకనుంచి ముట్టుకోకు. ఎదురుగా వెళ్ళి, వాళ్ళ కళ్ళకి సమానంగా వంగి, పేరుతో పిలువు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడానికి మనకి నోరు రాదు, నాకు ఏడాది పట్టింది. ఏమని పిలిస్తే ఇష్టమో, పేషెంటు ఇష్టాయిష్టాలు రాసిపెట్టే "దిస్ ఈజ్ మీ" కాగితంలో రాసుంటుంది, అది చదవకుండా ఎవరి దగ్గరికీ వెళ్ళకు. ఒక్కో మాటే చెప్పు, టవల్ చూపించి చెప్పు. మన యాస వాళ్ళకి కొత్త, తొందరగా మాట్లాడితే ఒక్క ముక్క అందదు. ఒంటిమీద సగం ఎప్పుడూ కప్పి ఉంచు. వద్దంటే పావుగంట ఆగి మళ్ళీ వెళ్ళు, లేదా ఇంకొకరిని పంపు. అలాగని షిఫ్ట్ మొత్తం తడి ప్యాడ్‌తో వదిలేయమని కాదు.

జడ వేసుకెళ్ళకు, ముడి పెట్టుకో. గుప్పిట్లో జడ చిక్కితే విడిపించుకోవడం కష్టం. మోచేతుల కింద గాజులు, వాచీ ఉండకూడదన్నది రూలే. నల్లపూసలు కూడా ఇంట్లో పెట్టి వెళ్ళు. మీ అత్తగారితో నేను మాట్లాడతాలే.

"ఇంటికెళ్ళాలి" అని సాయంత్రాలు తలుపు దగ్గర నిలబడతారు. చాలామంది మెంటల్ హెల్త్ చట్టం కింద ఉంటారు, అంటే వాళ్ళకి ఇష్టం లేకపోయినా ఆసుపత్రిలో ఉంచొచ్చు, ఆ చట్టంలో సెక్షన్ 2 అయితే 28 రోజుల దాకా. తలుపు నువ్వు తియ్యలేవు. "ఇదే మీ ఇల్లు" అని మాత్రం అనకు, అబద్ధమని వాళ్ళకీ తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరున్నారు, పొయ్యిమీద ఏముంది అని అడుగుతూ పక్కనే నడువు. కారిడార్ రెండు రౌండ్లు అయ్యేసరికి టీకి ఒప్పుకుంటారు, చాలాసార్లు.

రంగు గురించి మాటలు పడతావు. కొన్ని జబ్బు వాళ్ళచేత అనిపించే మాటలు, కొన్ని కావు, రెండూ ఒకేలా గుచ్చుకుంటాయి. ఓర్చుకోవడం గొప్పని నేను చెప్పను. పక్కకి వచ్చెయ్యి, నర్స్ ఇన్‌ఛార్జ్‌కి చెప్పు, రిపోర్టు రాయించు. అదే మాట తోటి స్టాఫ్ అంటే అస్సలు ఊరుకోకు.

మొదటి నైట్ అయ్యాక ఫోన్ చెయ్యి. బస్సులో కాదు, ఇంటికెళ్ళి పడుకుని లేచాక. నేను రెండుసార్లు బస్సులో నిద్రపోయి డిపో దాకా వెళ్ళాను.

మీ పిన్ని