ఇక్కడ పుట్టిన రోహింగ్యా పాపకు మన పౌరసత్వం వస్తుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్, బాలాపూర్. మా ఇంటి దగ్గర గుడిసెల్లో ఒక రోహింగ్యా కుటుంబం ఉంటోంది. వాళ్ల పాప రెండేళ్ల కిందట ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనే పుట్టింది. పాపకు మన పౌరసత్వం వస్తుందా? డబ్బులిస్తే ఆధార్ చేయిస్తానని ఒక బ్రోకరు వాళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ బ్రోకరు సంగతి. వాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దని ఇవాళే చెప్పండమ్మా. తప్పుడు పత్రాలతో ఆధార్ తీసుకోవడం నేరం. పట్టుబడిన రోజు బ్రోకరు కనిపించడు, కేసు తండ్రి మెడకు చుట్టుకుంటుంది. అసలు ఆధార్ పౌరసత్వానికి రుజువే కాదు.

ఇక్కడ పుట్టినంత మాత్రాన పాపకు పౌరసత్వం రాదు. 1987 జూలై 1కి ముందైతే పుట్టుక ఒక్కటే సరిపోయేది. 2004 డిసెంబర్ 3 నుంచి అమ్మానాన్నలిద్దరూ భారతీయులై ఉండాలి, లేదంటే ఒకరు భారతీయులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. పోనీ వాళ్లు వచ్చిన మయన్మార్ ఇస్తుందా అంటే, అదీ లేదు. అక్కడి 1982 పౌరసత్వ చట్టం ప్రభుత్వం గుర్తించిన జాతులకే పెద్దపీట వేసింది. ఆ 135 జాతుల్లో రోహింగ్యాల పేరు లేదు. తరతరాలుగా మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో బతికినవాళ్లు సొంతూళ్లోనే పరాయివాళ్లయ్యారు. 2017 ఆగస్టులో సైన్యం విరుచుకుపడ్డాక ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. రెండేళ్ల పాపకు ఏ దేశమూ లేకపోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అయినా జనన ధ్రువపత్రం ఆ పాప హక్కు. దానికి పౌరసత్వంతో పని లేదు. ఆసుపత్రి వాళ్లు అప్పుడే సమాచారం పంపి ఉంటే మున్సిపల్ రికార్డులో ఉంటుంది. లేకపోతే, ఏడాది దాటింది కాబట్టి మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పేర్ల స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చూసుకోమనండి. నేను చూసిన ఒక ఫైలులో తండ్రి పేరు ఆసుపత్రి చీటీలో ఒకలా, ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డులో ఇంకోలా ఉంది. ఆ తేడా సరిచేయించడానికే నెలలు పట్టింది. ఆరేళ్లు నిండాక బడికి పంపొచ్చు, విద్యాహక్కు చట్టం 'ప్రతి బిడ్డకూ' అంటుంది.

ఒక మాట దాచను. ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు వీసా కాదు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. సమానత్వం, ప్రాణరక్షణ హక్కులు విదేశీయులకూ ఉంటాయని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది. కానీ ఇక్కడే ఉండే హక్కు వాళ్లకు లేదనీ, పద్ధతి ప్రకారమే వెనక్కి పంపాలనీ కూడా అంది. పోలీసుల నుంచి పిలుపు వస్తే టెన్షన్ పడి పారిపోవద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు 15100లో ఫోన్ చేయమనండి, ఆడవాళ్లకూ పిల్లలకూ వకీలును ఉచితంగా ఇస్తారు.

ఈలోగా ఆ ఆసుపత్రి డిశ్చార్జి చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టించి, ఒక జిరాక్సు మీ దగ్గర ఉంచండి. గుడిసెకు నిప్పంటుకుంటే ముందు కాలిపోయేవి కాగితాలే.