ప్రశ్నోత్తరాల మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. స్టార్టప్‌ల గురించీ, మీసేవ లాంటి పౌరసేవల గురించీ ఒక ఎమ్మెల్యే ప్రభుత్వాన్ని నిలదీసిన సంగతి రాశావు. నీ వయసువాళ్లు అసెంబ్లీ మీద రాయాలనుకోవడమే నాకు చాలా సంతోషం. అందుకే ఉన్నదున్నట్టు చెబుతాను. వ్యాసంలో సగానికి పైగా ఆయన గొంతు, మంత్రి కోపం, పోడియం దగ్గరికి వెళ్లిన సభ్యులు, కట్ అయిన మైకు. ఆయన అడిగిందేమిటో చివరి పేరాలో గానీ తెలియలేదు. ప్రభుత్వం ఇచ్చిన జవాబు అసలు లేనే లేదు. ఆ గొడవను సాయంత్రం టీవీలో అందరూ చూసేశారు. నీ పాఠకుడికి దొరకనిది ఆ ప్రశ్న, ఆ జవాబు.

కాబట్టి ముందు ప్రశ్న కాగితం సంపాదించు. మన శాసనసభల్లో ప్రశ్న ఎలా ఉంటుందో నీకు తెలుసు: ‘గౌరవ పరిశ్రమల శాఖ మంత్రి గారు ఈ క్రింది విషయములను దయచేసి తెలియజేయుదురా’ అని మొదలై, (అ), (ఆ), (ఇ) అని ముక్కలుగా సాగుతుంది. ఆ పాతకాలపు భాష చూసి చాలామంది విలేకరులు అక్కడే ఆగిపోతారు. నువ్వు ఆగకు. సభ్యుడి తెలివైనా, తొందరపాటైనా బయటపడేది ఆ ముక్కల్లోనే. ఉదాహరణకు ‘రెండు వేల దరఖాస్తులు పెండింగులో ఉన్న మాట వాస్తవమేనా?’ అని (అ)లో అడిగారనుకో. లెక్క కాస్త అటూ ఇటూ ఉందంటే చాలు, మంత్రి ‘లేదండి’ అంటారు. ఆ తర్వాత ‘అయినచో వివరములేవి, కారణములేవి’ అని ఎన్ని అడిగినా అన్నింటికీ ఒకటే జవాబు: ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.’ అదే ‘ఎన్ని పెండింగులో ఉన్నాయి, వాటిలో గడువు దాటినవెన్ని, ఏ శాఖ దగ్గర ఆగాయి’ అని అడిగి ఉంటే తప్పించుకోవడం అంత తేలిక కాదు. సభ్యుడు గట్టిగా మాట్లాడాడా లేదా అన్నదానికంటే, ప్రశ్న గట్టిగా రాశాడా లేదా అన్నది చూడు. ఇది పాఠకుడికి చెప్పగలిగితే నీ వ్యాసం సగం గెలిచినట్టే.

లోక్‌సభ పద్ధతి కూడా ఒకసారి చదివి పెట్టుకో. పదకొండు గంటలకు సభ మొదలైతే తొలి గంట ప్రశ్నలదే. రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, వాటిపై సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబిస్తారు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అంటే మంత్రి చేతిలోని కాగితం ఆ పూట హడావిడిగా రాసింది కాదు, శాఖలో కింది నుంచి పై దాకా చేతులు మారి వచ్చింది. ఆ 20లో చాలా రోజులు నాలుగైదుకు మించి చర్చకు రావు, మిగతావన్నీ కాగితాల్లోనే ఉండిపోతాయి. నీలాంటి వాళ్లకు పంట అక్కడే ఉంది. పార్లమెంటు వెబ్‌సైటులో ఆ జవాబులన్నీ ఉచితంగా దొరుకుతాయి.

ఒక్క ప్రశ్న ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ముంద్రా వ్యవహారం. ప్రభుత్వ జీవిత బీమా సంస్థ డబ్బు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో ఎందుకు పెట్టారని 1957లో లోక్‌సభలో ప్రశ్న పడింది. మొదటి జవాబు సూటిగా రాలేదు. సభ్యులు వదల్లేదు. ఆ డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లెక్కలతో సహా విషయాన్ని సభ ముందు పరిచారు. అధికార పార్టీ సభ్యుడై ఉండి, సొంత మామగారు నెహ్రూ ప్రధానిగా ఉన్న ప్రభుత్వాన్నే అడిగారు. ఛాగ్లా కమిషన్ వేశారు, బహిరంగ విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. దీన్ని కథలా చెప్పుకుని వదిలేయకు. మొదటి జవాబుతో ఊరుకోకపోవడం వల్లే ఇదంతా జరిగింది. నువ్వు రాసిన ఎమ్మెల్యే ప్రశ్నకు రేపు ఏం జరిగిందో కనుక్కునే వాళ్లు ఎవరున్నారు? పత్రికలో ఆ వార్తకు ఆయుష్షు ఒక్క రోజే. నువ్వు పట్టుకుంటే అది ఏడాది బతుకుతుంది.

దానికి ఒక దారి ఉంది. మంత్రులు సభలో ‘పరిశీలనలో ఉంది’, ‘వివరాలు సేకరించి సభ ముందు ఉంచుతాం’ అంటారు కదా, అవి ఊరికే గాల్లో కలిసే మాటలు కావు. లోక్‌సభలో అలాంటి మాటలను హామీలుగా లెక్కగడతారు. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ అడుగుతుంది. మన శాసనసభల్లోనూ హామీల కమిటీలు ఉన్నాయి. మంత్రి ఆ మాట అన్న తేదీ నీ డైరీలో రాసుకో. మూడు నెలల తర్వాత ఆ శాఖకు ఫోన్ చెయ్. నీ రెండో వ్యాసానికి మొదటి వాక్యం ఆ ఫోన్ కాల్లో దొరుకుతుంది.

ఇక అంకెల సంగతి. నీ వ్యాసంలో అంకెలు ఉన్నాయి, కానీ మంత్రి చెప్పినవి చెప్పినట్టు దించేశావు. ఒక్కో అంకె దేన్ని లెక్కపెట్టిందో అడగాలమ్మా. 2025 జనవరి నాటికి దేశంలో కేంద్రం గుర్తించిన స్టార్టప్‌లు 1.59 లక్షలు. పెద్ద సంఖ్యే, గర్వించదగ్గదే. అయితే అది గుర్తింపు పొందినవాటి లెక్క. వాటిలో ఈ రోజు జీతాలు ఇస్తున్నవెన్ని, తలుపులు మూసుకున్నవెన్ని అన్నది వేరే ప్రశ్న. అలాగే స్టార్టప్‌లు ఇన్ని లక్షల ఉద్యోగాలు ఇచ్చాయని జవాబుల్లో వస్తుంది. ఆ పక్కనే ‘సంస్థలు స్వయంగా తెలిపిన ప్రకారం’ అన్న మాట ఉంటుంది. పత్రికల్లోకి వచ్చేసరికి ఆ మాట ఎగిరిపోతుంది. నువ్వు ఎగరగొట్టకు. పరిశ్రమల విషయంలోనూ అంతే: అనుమతి ఇచ్చినవి, పనులు మొదలైనవి, ఉత్పత్తి ప్రారంభించినవి అని మూడు లెక్కలుంటాయి. సభలో గొంతు పెద్దది చేసి చెప్పేది ఎప్పుడూ మొదటిదే.

ర్యాంకులూ అంతే. సులభతర వాణిజ్యంలో (ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్) రాష్ట్రాలకు ఇచ్చే ర్యాంకుల్లో 2015లో తెలంగాణ 13వ స్థానంలో ఉంది, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉంది. 2016లో రెండూ కలిసి మొదటి స్థానం పంచుకున్నాయి. ఏడాదిలో అంత ఎత్తుకు రావడం వెనుక అధికారుల కష్టం నిజంగా ఉంది, దాన్ని తక్కువ చేయొద్దు. కానీ ఆ రోజుల్లో మార్కులు పడింది రాష్ట్రాలు పంపిన సంస్కరణల ఆధారాలకు. ఆ సేవలు వాడుకున్న వాళ్ల అభిప్రాయమే ప్రమాణంగా ర్యాంకులు వచ్చింది 2019 జాబితాకు. ఒక ఎమ్మెల్యే ‘మనకు ర్యాంకు వచ్చింది కదా, మరి మా నియోజకవర్గంలో ఎందుకు ఆలస్యం?’ అని అడిగితే, ఆ ఆవేశానికి వెనక ఉన్న ఈ తేడా చెప్పాల్సింది నువ్వే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ వ్యాసంలో ఒక్క మనిషి కూడా లేడు. సభ్యులున్నారు, మంత్రులున్నారు, దరఖాస్తు పెట్టుకున్న మనిషి లేడు.

నల్గొండ వైపు ఒక మండలంలో గానుగ నూనె తీసే చిన్న యూనిట్ పెట్టుకున్న ఒకావిడను నేను కలిశాను. పల్లీలు, కుసుమలు, నువ్వులు ఆడిస్తుంది. చిన్న పరిశ్రమల నమోదు, అదే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఫోన్‌లోనే అయిపోయింది. అది ఉచితమని తెలియక, ఇంటర్నెట్‌లో ముందు కనిపించిన ఏదో ప్రైవేటు సైటుకు డబ్బు కట్టింది. ఫుడ్ లైసెన్స్ తొందరగానే వచ్చింది. త్రీఫేజ్ కరెంటు దగ్గర ఆగింది. స్తంభాలు కొత్తగా వేయాలన్నారు, ఎస్టిమేట్ వేశారు, డబ్బు కట్టింది, ఆ తర్వాత మెటీరియల్ లేదన్నారు. బ్యాంకు సంగతి ఇంకోటి. అప్పటికి పది లక్షల దాకా చిన్న పరిశ్రమల రుణానికి తనఖా అడగకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. మేనేజర్ సూటిగా అడగలేదు, ‘పొలం కాగితాలు కూడా ఒకసారి తెచ్చి చూపించమ్మా’ అన్నాడు. గానుగ మిషన్ ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా రేకుల షెడ్డులో ఒక మూల ఉంది. దాని ఈఎంఐ మాత్రం నెలనెలా కడుతోంది. ఆమె ఫోన్ తీసి చూపించింది. దరఖాస్తు స్టేటస్‌లో ‘షార్ట్‌ఫాల్’ అని ఉంది. ‘అంటే ఏంటి సార్, ఏం తక్కువైందో రాయలేదు’ అంది.

ఇప్పుడు ఆ మాటను సభలోకి తీసుకెళ్లు. పరిశ్రమల అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన టీఎస్-ఐపాస్ చట్టం 2014లో వచ్చింది, ఇప్పుడు టీజీ-ఐపాస్ అంటున్నారు. భారీ పెట్టుబడులకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు రావాలి, ఆలస్యం చేసిన అధికారికి రోజుకు వెయ్యి రూపాయల జరిమానా. ఇలాంటి చట్టం తేవడం చిన్న విషయం కాదు. మరి షార్ట్‌ఫాల్ పడితే ఆ గడియారం ఆగుతుందా, నడుస్తుందా? ఆగితే గడువులోపే పరిష్కరించామన్న లెక్కలో అది చేరుతుందా? ఇప్పటిదాకా ఎంతమంది అధికారులు ఆ వెయ్యి కట్టారు? ఈ మూడు అనుబంధ ప్రశ్నలు వేసి ఉంటే ఆ రోజు సభ మరోలా నడిచేది. సభ్యుడు అడగకపోతే నువ్వు అడుగు, నీ వ్యాసంలో అడుగు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడుగు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

సమాచార హక్కు అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ పౌరుడికీ నిరాకరించకూడదన్న వాక్యం 2005 చట్టంలో ఉండేది, ఎనిమిదో సెక్షన్‌లో, వ్యక్తిగత సమాచారం గురించి చెప్పే చోట. 2023లో తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఆ క్లాజును మార్చి ఆ వాక్యాన్ని తీసేసింది. ఎమ్మెల్యేకు తెలిసేది తనకూ తెలియాలని సామాన్యుడు గట్టిగా చెప్పుకోవడానికి ఉన్న ఒక ఆధారం అలా పోయింది. దానివల్ల సభలో అడిగే ప్రశ్న విలువ ఇంకా పెరిగింది, దాన్ని సరిగా జనానికి చేర్చే నీ పని విలువా పెరిగింది. ఇది నాకు బాధ కలిగించే విషయం, దీని మీద నీ తరం రాయాలి.

పౌరసేవల భాగం నీ వ్యాసంలో బాగా పలచగా ఉంది. 2001లో ఈసేవ, 2011లో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు, అక్కడే 2025 జనవరి 30న వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు అందించే మన మిత్ర. మన మిత్ర మొదలైన రోజు 161 సేవలన్నారు. అందరికీ ఆ సంఖ్యే గుర్తుంది. వాట్సాప్‌లో దరఖాస్తు పెట్టి, ఒక్కసారి కూడా ఆఫీసుకు వెళ్లకుండా కాగితం చేతికి వచ్చిన వాళ్లెందరన్నది ఏ సభ్యుడైనా అడగొచ్చు. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ దగ్గర నిలబడు. కౌంటర్లో అబ్బాయి అయిదు నిమిషాల్లో అప్‌లోడ్ చేసేస్తాడు. ఆ తర్వాత అది ఎవరి లాగిన్‌లో ఎన్ని రోజులు ఉంటుందో, ఆ ఆఫీసులో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో కనుక్కో. ‘అధికారుల నిర్లక్ష్యం’ అని ఒక్క మాటలో తేల్చేశావు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరు చేస్తుంటే దాన్ని నిర్లక్ష్యం అనకూడదు. ఆ ఖాళీల సంఖ్య కూడా సభలో అడగాల్సిన ప్రశ్నే.

ఎమ్మెల్యే గురించి రాసేటప్పుడు జాగ్రత్త. నువ్వు ఆయన్ని సింహంలా చూపించావు. ఆయన పార్టీ అధికారంలో ఉన్నప్పుడు ఇవే ప్రశ్నలకు ఏం జవాబిచ్చిందో పాత చర్చల్లో వెతుకు. అలాగని ఎగతాళి కూడా చేయొద్దు. ప్రశ్న అడగడం ఓట్లు తెచ్చే పని కాదు. పెళ్లికి, చావుకు వెళితే జనం గుర్తుపెట్టుకుంటారు, (ఇ) ముక్కలో మంచి ప్రశ్న వేస్తే ఎవరూ గుర్తుపెట్టుకోరు. అయినా రాత్రి కూర్చుని ప్రశ్నలు తయారు చేసుకునే సభ్యులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. వాళ్లను గుర్తించి పేరు పెట్టి రాయడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

భాష గురించి రెండు మాటలు. ‘సభ దద్దరిల్లింది’, ‘మంత్రి ఉక్కిరిబిక్కిరయ్యారు’ లాంటివి తీసేయ్. ‘యువతకు దిశానిర్దేశం’, ‘ఆవిష్కరణల ఆవరణ వ్యవస్థ’ కూడా వద్దు. ప్రెస్‌నోట్ వాసన వస్తోంది. ‘లోను రాలేదు’, ‘కరెంటు రాలేదు’, ‘ఫైలు ఆగింది’ అని జనం ఎలా అంటారో అలా రాయి. వాక్యాలు నీకు సహజంగానే బాగా వస్తాయి, అది నేను చూశాను.

ఈసారి పంపేటప్పుడు మూడూ కలిపి పంపు: ప్రశ్న పూర్తి పాఠం, వచ్చిన జవాబు, నువ్వు వెళ్లి కలిసిన ఒక మనిషి. ఆ మనిషి పేరు వేయాలా వద్దా అన్నది ఆవిణ్ణో ఆయన్నో అడిగే నిర్ణయించు. రేపు మళ్లీ అదే ఆఫీసుకు వెళ్లాల్సింది వాళ్లే కదా. సమావేశాలు మళ్లీ మొదలయ్యే లోపు పంపితే, నీ అనుబంధ ప్రశ్నలను మీ ఎమ్మెల్యేకు కూడా ఒక కాపీ ఇవ్వొచ్చు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు