సర్వర్ ఆగింది సరే, సరిగ్గా ఆగిందా?

ప్రశ్న: అప్‌గ్రేడ్ కోసం పాత పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌ని ఆపాను. ప్రాసెస్ ఏదీ లేదు, లాగ్ చివర ‘డేటాబేస్ సిస్టమ్ ఈజ్ షట్ డౌన్’ అని కూడా ఉంది. అయినా కొత్త వెర్షన్‌కి మార్చే పీజీ_అప్‌గ్రేడ్ టూల్ మాత్రం సోర్స్ క్లస్టర్ (అంటే పాత డేటాబేస్) సరిగ్గా ఆగలేదంటోంది. ఏది నమ్మాలి?

జవాబు: పీజీ_అప్‌గ్రేడ్‌నే నమ్మండి. ఉన్నపళంగా ఆపేసే ఇమ్మీడియట్ మోడ్‌లో ఆపినా లాగ్‌లో ఆ చివరి లైను పడుతుంది. సర్వర్ నడుస్తున్నప్పుడు ఉండే పోస్ట్‌మాస్టర్ పిడ్ ఫైలు లేకపోవడం కూడా సాక్ష్యం కాదు. చూడాల్సింది క్లస్టర్ స్థితిని రాసిపెట్టే కంట్రోల్ ఫైలు. పాత వెర్షన్‌తో వచ్చిన పీజీ_కంట్రోల్‌డేటాను (ఆ ఫైలు చదివి చూపే టూల్) డేటా డైరెక్టరీ మీద నడిపి, ‘డేటాబేస్ క్లస్టర్ స్టేట్’ అన్న లైను చదవండి. ‘షట్ డౌన్’ అని ఉంటే చివరి చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులను డిస్క్ మీది డేటా ఫైళ్లలోకి రాయడం) పూర్తయినట్టే. సర్వర్ ఆగి ఉన్నా ‘ఇన్ ప్రొడక్షన్’ అని కనిపిస్తే మధ్యలో చంపేశారన్నమాట. ‘షట్ డౌన్ ఇన్ రికవరీ’ అంటే అది స్టాండ్‌బై (ప్రధాన సర్వర్‌కి నకలు). దాని అప్‌గ్రేడ్ దారి వేరు.

ఎవరూ కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ని బలవంతంగా చంపే కమాండ్) కొట్టకపోయినా ఇలా జరుగుతుంది. చెక్‌పాయింట్ రాయాల్సిన డేటా ఎక్కువగా ఉంటే సమయం పడుతుంది. కంటైనర్‌ని ఆపే డాకర్ స్టాప్ మామూలుగా 10 సెకన్లు, లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి సిగ్‌కిల్ (అదే కిల్ మైనస్ 9) పంపేస్తాయి. మీ సర్వీస్ ఫైల్లో ఆ గడువు ఎంతుందో ముందు చూసుకోండి.

ఇప్పుడు పాత వెర్షన్‌తోనే సర్వర్‌ని మళ్లీ లేపండి. రికవరీ ముగిసి కనెక్షన్లు తీసుకోవడం మొదలెట్టాక అప్లికేషన్లను ఆపి, ‘చెక్‌పాయింట్’ కమాండ్ ఇవ్వండి. ఆ వెంటనే ఫాస్ట్ మోడ్‌లో (కనెక్షన్లను తెంపేసి) ఆపితే చివర్లో రాయాల్సింది కొంచెమే మిగులుతుంది. స్మార్ట్ మోడ్ వద్దు, తెరిచి ఉన్న ఒక్క కనెక్షన్ కోసం గంటలు కాచుక్కూచుంటుంది. కంట్రోల్‌డేటా మళ్లీ చూశాకే ముందుకెళ్లండి. తొందరపడి పీజీ_రీసెట్‌వాల్ మాత్రం ముట్టుకోవద్దు. అది వాల్‌ని (మార్పులను ముందుగా రాసుకునే లాగ్) పారేస్తుంది, దాంతో కమిట్ అయిన మార్పులూ పోవచ్చు.

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి 8.0కి వెళ్తున్నా. అక్కడ ఏం చూడాలి?

జవాబు: సర్వర్ ఎలా ఆగాలో చెప్పే ఇన్నోడీబీ_ఫాస్ట్_షట్‌డౌన్ సెట్టింగ్ విలువ. 2 ఉంటే ఆపడం క్రాష్‌తో సమానం, 5.7 క్రాష్ అయ్యాక మిగిలిన రీడూ లాగ్‌ని (పోస్ట్‌గ్రెస్ వాల్ లాంటిదే) 8.0 తీసుకోదు. డిఫాల్ట్ 1 సరిపోతుంది. 0 పెడితే పూర్తి పర్జ్ (అక్కర్లేని పాత రికార్డుల తొలగింపు) కూడా చేసి ఆగుతుంది, ఆలస్యమైనా మా ఓటు దీనికే. ఆపేముందు ‘ఎక్స్ఏ రికవర్’ నడిపి, మధ్యలో నిలిచిపోయిన ఎక్స్ఏ (ఒకటికి మించిన సిస్టమ్‌లకు చెందిన) ట్రాన్సాక్షన్లు ఏమైనా కనిపిస్తే కమిట్ గానీ రోల్‌బ్యాక్ గానీ చేసేయండి.