99కి ‘ఐసి’ అని రాస్తే తప్పేంటి?

ప్రశ్న: మా పాప పరీక్షలో 99ని రోమన్ అంకెల్లో ‘ఐసి’ అని రాసింది. వందలోంచి ఒకటి తీసేస్తే తొంభై తొమ్మిదే కదా? టీచర్ తప్పు కొట్టారు. 1990కి ‘ఎంఎక్స్‌ఎం’ అని రాస్తే అదీ తప్పన్నారు. అసలు ఏ సంఖ్యనైనా తడబడకుండా మార్చే పద్ధతి ఉందా?

జవాబు: పాప లెక్క బాగానే ఉందండీ, పద్ధతే వేరు. చిన్న అక్షరాన్ని పెద్దదాని ముందు పెడితే తీసెయ్యాలి అని మాత్రమే చెప్పి వదిలేస్తే పిల్లలెవరైనా అలాగే రాస్తారు. ఆ తీసివేతకు హద్దు ఉంది, అది సరిగ్గా చెప్పరు. ఐ (1) అనేది వి (5), ఎక్స్ (10) ముందు మాత్రమే వస్తుంది. ఎక్స్ అయితే ఎల్ (50), సి (100) ముందు. సి అయితే డి (500), ఎం (1000) ముందు. అంతే.

ఇది బట్టీ పట్టక్కర్లేదు. సంఖ్యను మొత్తంగా చూడకుండా వేలు, వందలు, పదులు, ఒకట్లు అని విడగొట్టి, ఒక్కో స్థానాన్ని విడిగా రాసి పక్కపక్కన పెట్టేయండి. 99 అంటే 90, 9. తొంభైకి ఎక్స్‌సి, తొమ్మిదికి ఐఎక్స్, కలిపితే ఎక్స్‌సిఐఎక్స్. అలాగే 1990లో వెయ్యికి ఎం, తొమ్మిది వందలకు సిఎం, తొంభైకి ఎక్స్‌సి, కాబట్టి ఎంసిఎంఎక్స్‌సి. సున్నా ఉన్న చోట ఏమీ రాయం, రోమన్లకు సున్నా గుర్తే లేదు. అందుకే 2005 ఎంఎంవి అని మూడక్షరాల్లో అయిపోతుంది, అదే 1888కి పదమూడు అక్షరాలు రాయాలి, చెయ్యి నొప్పి పుడుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఏంటంటే, 1 నుంచి 9 వరకు రాయడం వస్తే మిగతావన్నీ వచ్చేసినట్టే. ఒకట్లకు ఐ, వి, ఎక్స్ వాడతాం కదా, పదులకు వాటి స్థానంలో ఎక్స్, ఎల్, సి. వందలకు సి, డి, ఎం పెట్టుకుంటే చాలు, అల్లిక మారదు. 4 ఐవి అయితే 40 ఎక్స్‌ఎల్, 400 సిడి. వేల దగ్గరికొచ్చేసరికి ఈ బండి ఆగిపోతుంది, ఎందుకంటే 5000కి అక్షరం లేదు. అందుకే మామూలు పద్ధతిలో 3999 దాటలేం. ఆపైన కావాలంటే అక్షరాల మీద అడ్డగీత గీస్తారు, గీత కిందున్నది వెయ్యి రెట్లు అన్నమాట.

ఇంకో మాట, పాపకు చెప్పండి, నవ్వుకుంటుంది. ఎక్సెల్‌లో సంఖ్యల్ని రోమన్‌లోకి మార్చే ఫంక్షన్ ఉంది, అదీ 3999 వరకే. మామూలుగా అడిగితే 499కి సిడిఎక్స్‌సిఐఎక్స్ అని బుద్ధిగా ఇస్తుంది, బాగా కుదించి ఇమ్మంటే మాత్రం ‘ఐడి’ అంటుంది, అచ్చం మీ పాపలాగే! పరీక్షలో మాత్రం మొదటిదే రాయాలి.

ప్రశ్న: గోడ గడియారంలో 4 దగ్గర ఐవి బదులు నాలుగు ఐలు ఉన్నాయి. అచ్చు తప్పా?

జవాబు: తప్పు కాదు. చాలా గడియారాల్లో అంతే ఉంటుంది. లండన్‌లోని బిగ్ బెన్ గడియారం మీద మాత్రం ఐవి అనే ఉంది. అసలు రోమన్లే ఈ తీసివేతను అంత పట్టించుకునేవాళ్లు కాదు, రోమ్‌లోని కొలోసియంలో 54వ ద్వారం మీద ఎల్ తర్వాత నాలుగు ఐలే చెక్కారు.