మట్టి చదువు మా అమ్మాయికి అన్నం పెడుతుందా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ఆరెకరాల్లో పత్తి, మిర్చి వేస్తాం. మా అమ్మాయి మరాఠీ మాధ్యమంలో 12వ తరగతి సైన్సు చదువుతోంది, బయాలజీ ఉంది. నిరుడు ఎండాకాలంలో నేల సర్వే వాళ్లు వచ్చి మా చేలో మనిషి లోతు గుంత తవ్వించారు. వాళ్లున్న రెండు రోజులూ అమ్మాయి ఆ గుంత ఒడ్డునే కూర్చుంది. అప్పటి నుంచి మట్టి గురించే చదువుతానంటోంది. బంధువులు నర్సింగులో చేర్పించమంటున్నారు. పొట్లం కట్టి పంపితే మట్టి పరీక్ష కాగితం వస్తుంది కదా, దానికి ఆరేళ్ల చదువెందుకు? ఆడపిల్ల ఈ పని చేయగలదా? ఉద్యోగం వస్తుందా?

జవాబు: మీ మూడు ప్రశ్నల్లో మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తాను. పొట్లం, కాగితం అన్నారు. మా నాన్న కూడా అలాగే అనుకున్నారు.

మాది చంద్రపూర్ జిల్లా రాజురా వైపు పల్లె. నా చిన్నప్పుడు నాన్న నాగపూర్ సంత్రా తోటలు చూసొచ్చి రెండెకరాల రేగడిలో కమలా మొక్కలు పెట్టారు. ముందుజాగ్రత్తగా జానెడు లోతు మట్టి తీసి పరీక్షకు పంపారు. నేల బాగుందని కాగితం వచ్చింది. అందులో తప్పేమీ లేదు. జానెడు లోతు వరకు ఆ నేల నిజంగానే బాగుంది. మూడో ఏడు ఆకులు పాలిపోవడం మొదలైంది. ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపు తిరిగేది. ఐదో ఏడు చెట్లు పీకేశాం. ఆ గోతుల్లో మోకాలి లోతు దాటగానే తెల్లటి సున్నపు గడ్డలు, గుప్పిళ్లకొద్దీ. వేరు అక్కడిదాకా దిగి, లంబకోణంలో పక్కకు తిరిగిపోయింది. అలాంటి వేరు ముక్క ఒకటి చాలా ఏళ్లు మా కొట్టం చూరులో ఉండేది. నేల చదువు ఎందుకని ఎవరు అడిగినా నాకు ఆ వేరే కళ్లముందు మెదులుతుంది.

2015లో మొదలైన నేల ఆరోగ్య కార్డు మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలుకొని జింకు, బోరాన్ దాకా 12 అంశాలు అందులో ఉంటాయి. పైపొర మట్టిని చూసి ఈ పంటకు ఏ ఎరువు ఎంత వేయాలో చెప్పడానికి అది పనికొస్తుంది. ఈ నేల ఏ జాతిది, ఎలా పుట్టింది, నీటిని ఎంత లోతున ఎన్నాళ్లు దాచుకుంటుంది, చెట్టు వేరును ఎక్కడ ఆపేస్తుంది అన్నవి తెలియాలంటే కార్డు చాలదు. గుంత తవ్వాలి, ప్రయోగశాలకు వెళ్లాలి, వానల లెక్కలు తీయాలి, ఊరి ఎత్తుపల్లాలు చూడాలి. ఈ నాలుగింటినీ ఒకచోట పెట్టి చదవగలిగేవారినే నేల శాస్త్రవేత్త అంటారు. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఈ చదువు.

ఆ రెండు రోజులు ఆమె ఏం చూసి ఉంటుందో చెబుతాను. గుంత గోడను ముందు కత్తితో చెక్కుతారు, పార నున్నగా పూసేసిన మట్టి రాలిపోయి అసలు నేల బయటపడాలి కదా. పైనుంచి కిందికి పొరలు గుర్తించి టేపుతో లోతు కొలుస్తారు. ఒక్కో పొర నుంచి చిన్న పెళ్ల తీసి తడిపి రంగుల పుస్తకంలోని చదరాల పక్కన పెడతారు. మనం నలుపు అని ఊరుకునే చోట వాళ్లు 10 వై.ఆర్. 3/1 అని రాసుకుంటారు, దేశంలో ఏ మూల చదివినా అదే రంగు అర్థమయ్యేలా. తడి మట్టిని బొటనవేలితో నొక్కి రిబ్బనులా సాగదీస్తారు. ఎంత పొడవు సాగితే బంక అంత ఎక్కువ. పలుచని ఆమ్లం చుక్క వేస్తారు. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టు.

రేగడిలో ఇంకొకటి కనిపిస్తుంది. రెండు మూడు అడుగుల లోతున పెళ్లను విరిస్తే, విరిగిన ముఖం ఏటవాలుగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. వేసవిలో మీ చేలో నెర్రెలు విచ్చుతాయి. పైన రాలిన మట్టి వాటిలో పడుతుంది. వానలకు నేల ఉబ్బుతుంది. నెర్రెల్లో ముందే మట్టి చేరడంతో లోపల చోటు చాలక పెళ్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ జారతాయి. ఏళ్ల తరబడి జారి జారి నున్నబడ్డ జాడే ఆ మెరుపు. తనను తానే దున్నుకునే ఈ నేలకు శాస్త్రంలో వెర్టిసాల్ అని పేరు, తిరగేయడమనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. బంకమట్టి కనీసం 30 శాతం ఉండాలి, నెర్రెలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి, ఆ మెరుపు తలాలు ఉండాలి. ఇవి కుదిరితేనే ఆ పేరు పెడతారు. నల్లగా ఉన్నంత మాత్రాన పెట్టరు. ఇదే నేలను ఇంగ్లిషు పుస్తకాల్లో రెగర్ అని కూడా రాస్తారు. అది మన రేగడి నుంచి వెళ్లిన మాటేనని చెబుతారు. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది.

ప్రయోగశాలలో ఇసుక, ఒండ్రు, బంక ఎంతెంతో వేరు చేసి తూకం వేస్తారు. ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, సున్నం చూస్తారు. బంక రేణువులు ఏ పోషకాలను ఎంత పట్టి ఉంచగలవో కొలుస్తారు. వీటిలో సోడియం లెక్క ఎంత ముఖ్యమో విదర్భలోనే తెలుస్తుంది. అకోలా, అమరావతి, బుల్ఢాణా జిల్లాల్లో పూర్ణా నది వెంబడి ఖార్‌పాన్ పట్టా, అంటే ఉప్పునీటి ప్రాంతం, ఉంది. పైకి అది మీ చేను లాంటి నల్లరేగడే. లోపలి పొరల్లో సోడియం చేరడంతో నీరు కిందికి ఇంకదు. బంక పట్టి ఉంచిన మూలకాల్లో సోడియం 15 శాతం దాటితే క్షార నేల అని అంతర్జాతీయ పుస్తకాలు చెబుతాయి. ఈ నల్ల నేలల్లో మాత్రం 5 శాతం దగ్గరే ఇంకుడు దెబ్బతింటున్నదని ఇక్కడ జరిగిన పరిశోధనల్లో తేలింది. వేరే దేశపు కొలతను తెచ్చి మన నేలకు అలాగే తొడిగితే ఎంత మోసపోతామో చూడండి. ఇలాంటి పని చేయడానికి ఈ నేలలో పెరిగిన పిల్లలు కావాలి.

వాతావరణం సంగతికి వస్తే, ఏడాదిలో ఎంత వాన పడింది అన్నది ఒక్కటే చాలదు. ఏ వారం పడింది, ఎండకు ఎంత ఆవిరైంది, మిగిలింది ఎన్ని రోజులు పంటను నిలబెడుతుంది అని లెక్క కట్టాలి. ఒకే రకం రాయి మీద పుట్టిన రెండు నేలలు వాన తేడాతోనే వేరు దారులు పడతాయి. వాన తక్కువైన చోట సున్నం కొట్టుకుపోకుండా లోపలే గడ్డకడుతుంది. మా నాన్న కమలా చెట్ల కింద దొరికినవి అలా పుట్టినవే.

ఎత్తుపల్లాల విషయంలో మీ తాలూకా ఒక తెరిచిన పుస్తకం. నాగపూర్ చుట్టుపక్కల నల్ల నేల చాలావరకు దక్కను లావా రాయి అరిగి పుట్టింది. సిరొంచ దగ్గర రాయి వేరు, ఆ లావా కంటే చాలా పాతదైన గోండ్వానా కాలపు ఇసుకరాయి. మీ తాలూకాలోని వడధాంలో రాక్షసబల్లుల శిలాజాలు దొరికింది ఆ గోండ్వానా పొరల్లోనే. గుట్ట దగ్గర ఇసుక నేల, ప్రాణహిత ఒడ్డుకు దిగితే నది మోసుకొచ్చిన బరువు మట్టి. మీ అమ్మాయి సైకిలు మీద అరగంటలో ఈ మార్పును చూడగలదు. రష్యా శాస్త్రవేత్త దొకుచాయెవ్ 1883లో అక్కడి నల్ల నేలపై రాసిన గ్రంథంతో ఈ శాస్త్రానికి పునాది వేశాడు. వాతావరణం, మూల శిల, జీవులు, నేల వాలు, కాలం, ఈ ఐదూ కలిసి నేలను తయారుచేస్తాయని చెప్పినవాడు ఆయన.

ఇంకో మాట, పుస్తకాల్లో తక్కువగా కనిపించేది. సర్వే వాళ్లు ఊళ్లోకి రాగానే ముందు రైతునే అడుగుతారు. చాందా (ఇప్పటి చంద్రపూర్) ప్రాంతపు పాత శిస్తు లెక్కల్లో కన్హార్, మోరండ్, ఖర్డీ, బర్డీ అని నేలల పేర్లున్నాయి. మన ఇళ్లలో రేగడి, చెలక, దుబ్బ, చవుడు అంటాం. రెండు భాషల్లోనూ ఈ పేర్లు తెలిసిన పిల్ల గుంత ఒడ్డున నిలబడితే సగం సర్వే అక్కడే అవుతుంది. సరిహద్దులో పుట్టడం వల్ల మన పిల్లలకు చాలా చోట్ల నష్టమే జరుగుతుంది. ఈ ఒక్క పనిలో అది లాభం.

ఇక దారి. ఇంటర్ తర్వాత నేరుగా నేల శాస్త్రం అని వెతకవద్దు. ముందు బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్, నాలుగేళ్లు. మహారాష్ట్రలో దీనికి ఎంహెచ్‌టీ సెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష రాయాలి. బయాలజీ పేపరు మరాఠీలో కూడా ఉంటుంది కాబట్టి మాధ్యమం గురించి పరీక్ష దగ్గర భయం లేదు. మన విదర్భ అంతా అకోలాలోని డాక్టర్ పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. నాగపూర్‌లోని పాత వ్యవసాయ కళాశాల దానిదే, గడ్చిరోలిలోనూ కళాశాల ఉంది. ప్రైవేటు కళాశాల అయితే భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కట్టవద్దు. దేశవ్యాప్త కోటా సీట్లకు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష కూడా రాయించండి.

నది దాటితే తెలంగాణే కదా, మన భాషే కదా, అక్కడ సీటు సులువు అని చాలామంది నాతో అంటారు. తెలుగు మాట్లాడినంత మాత్రాన అక్కడ స్థానికులు కారు. ఏ రాష్ట్రంలో చదివారన్నది చూస్తారు. అమ్మాయి చదువంతా మహారాష్ట్రలో సాగింది కాబట్టి ఇక్కడి సీటు మీదే గురి పెట్టండి. 2024 నుంచి మహారాష్ట్రలో ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయమున్న కొన్ని వర్గాల ఆడపిల్లలకు వృత్తి విద్యా కోర్సుల్లో ఫీజు మాఫీ ఉంది. మీకు వర్తిస్తుందో లేదో కళాశాలలో అడిగి, ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఇప్పుడే తీసిపెట్టుకోండి. ప్రవేశాల వారంలో తహసీలు చుట్టూ తిరగడం కంటే అది నయం.

డిగ్రీ ఇంగ్లిషులో ఉంటుంది. మరాఠీ మాధ్యమం పిల్లలు మొదటి రెండు సెమిస్టర్లు కుంగిపోతారు. మీ అమ్మాయి ఫోను చేసి ఏడిస్తే, ఇంటికి వచ్చేయమనకండి. మూడో సెమిస్టరుకు దారిలో పడతారు, నేను చాలామందిని చూశాను.

ఆ తర్వాత ఎంఎస్సీ రెండేళ్లు. నేల శాస్త్రం లోతుగా చదివేది ఇక్కడే. 1976లో ఏర్పడిన జాతీయ నేలల సర్వే, భూ వినియోగ ప్రణాళికా సంస్థ ప్రధాన కార్యాలయం మన నాగపూర్‌లోనే ఉంది. దేశపు నేలల పటాలు తయారయ్యే చోటు అది. అకోలా విశ్వవిద్యాలయంతో కలిసి భూ వనరుల నిర్వహణలో పీజీ చదువు నడిపిన సంస్థ కూడా అదే. ఏ ఏడాది ఎన్ని సీట్లున్నాయో ఆ ప్రకటనలోనే చూడాలి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. శాస్త్రవేత్త పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, దాదాపు పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి. నేల సర్వే ప్రాజెక్టుల్లో మొదటి కొన్నేళ్లు కాంట్రాక్టు పనే దొరుకుతుంది, ప్రాజెక్టు అయిపోతే జీతం ఆగిపోతుంది. ముందే తెలిసి దిగాలి. అందుకే బీఎస్సీ అగ్రికల్చర్ తోనే మొదలుపెట్టమంటున్నాను. మధ్యలో ఆగినా ఆ డిగ్రీతో రాష్ట్ర సర్వీసు కమిషన్ కృషి సేవ పరీక్ష, మండల్ కృషి అధికారి పోస్టు, బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్ర అధికారి ఉద్యోగం, డ్రిప్పు, ఎరువుల కంపెనీల ఉద్యోగాలు ఉన్నాయి. కెమిస్ట్రీ ఇష్టం లేకపోతే మాత్రం నేల శాస్త్రంలోకి పంపవద్దు, రోజంతా దానితోనే పని. కంప్యూటర్ మీద పటాలు గీయడం నేర్చుకుంటే దారులు పెరుగుతాయి. ఇస్రో వాళ్ల భువన్ పోర్టల్‌లో మీ ఊరిని ఉపగ్రహ చిత్రంలో ఇప్పుడే చూడవచ్చు, ఉచితం.

ఆడపిల్ల చేయగలదా అన్నారు. గుంత తవ్వేది కూలీలు, చదివేది శాస్త్రవేత్త. సర్వేకు బృందంగా జీపులో వెళతారు. మే నెలలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున కూడా గుంతలో నిలబడాల్సి రావచ్చు. అది మగపిల్లలకూ కష్టమే. మీ ఇంట్లో పత్తి ఏరిన అమ్మాయికి ఎండ కొత్త కాదు. నర్సింగ్ గౌరవమైన వృత్తి, త్వరగా జీతం వస్తుంది. ఇంట్లో అప్పు ఉండి మూడు నాలుగేళ్లలో సంపాదన తప్పనిసరి అయితే ఆ మాట అమ్మాయితో దాపరికం లేకుండా మాట్లాడండి. ఆ ఇబ్బంది లేకపోతే బంధువుల మాట మీద ఆమె మనసు మార్చవద్దని నా విన్నపం.

నిర్ణయానికి ముందు ఆమె చేత ఒక పని చేయించండి. చేలో అడుగున్నర లోతు నుంచి మట్టి తీసి, రాళ్లు ఏరి, ముద్దగా తడిపి, వేలంత లావు కడ్డీ చేసి సరిగ్గా 10 సెంటీమీటర్లకు కోయమనండి. నీడలో వారం ఆరనిచ్చి మళ్లీ కొలవాలి. 9 సెంటీమీటర్లకు వచ్చిందనుకోండి, తగ్గిన 1ని 9తో భాగిస్తే 0.11 వస్తుంది. ఉబ్బి కుంచించుకుపోయే గుణానికి ప్రయోగశాలలో వేసే లెక్క ఇలాంటిదే, 0.06 దాటితే ఆ గుణం బాగా ఉన్నట్టు. గుట్ట దగ్గర ఇసుక నేల నుంచి ఒక కడ్డీ, నది ఒడ్డు నుంచి ఒక కడ్డీ కూడా చేయమనండి. ఇసుక కడ్డీ అసలు నిలబడకపోవచ్చు, అదీ రాసిపెట్టుకోవాలి. మూడు కడ్డీల లెక్కలూ, ఒక్కోటి ఎందుకు అలా వచ్చిందని తను అనుకుంటుందో, నాకు ఆమెనే రాయమనండి. తెలుగులో రాసినా సరే, మరాఠీలో రాసినా సరే.